పోలీసు కారులో అడ్రినలిన్: చట్టం ఎలా ఉంటే మేలు, చేతికి ఏం ఇస్తే మేలు?

పల్లీ తిన్న పది నిమిషాలకో, కందిరీగ కుట్టిన అయిదు నిమిషాలకో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పెదవులు ఉబ్బుతాయి, గొంతు బొంగురుపోతుంది, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి, మనిషి కళ్లు తిరిగి కూలబడతాడు. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. కొందరిలో దద్దుర్లు అసలు కనిపించవు, నేరుగా బీపీయే పడిపోతుంది. దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే, అదీ తొడ కండలోకి. అమెరికాలో దాన్నే ఎపినెఫ్రిన్ అంటారు. ఎవిల్, సెట్రిజిన్ దురదను తగ్గిస్తాయి. డెక్సా అనే స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. మూసుకుపోతున్న గొంతును తెరిచేదీ, పడిపోయిన బీపీని లేపేదీ అడ్రినలినే.

వ్యవధి ఎంత తక్కువో చూడండి. బ్రిటన్‌లో ఈ కారణంగా చనిపోయినవారి వివరాలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గుండె గానీ ఊపిరి గానీ ఆగిపోవడానికి తిండి వల్ల వచ్చిన కేసుల్లో సగం మందికి 30 నిమిషాలు కూడా పట్టలేదు. పురుగు కుట్టిన కేసుల్లో అది 15 నిమిషాలు, ఇచ్చిన మందు పడని కేసుల్లో 5 నిమిషాలు. అమెరికాలో 911కి ఫోన్ చేస్తే చాలా ఊళ్లలో ముందు వచ్చి ఆగేది పోలీసు కారే, అంబులెన్స్ ఆ తర్వాత వస్తుంది. వచ్చిన పోలీసు దగ్గర మందు లేకపోతే ఆ నిమిషాలన్నీ చూస్తూ పోగొట్టుకోవడమే. అందుకే అక్కడ ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరున చట్టం చేసుకుంది. వాటిలో ఏది పనికొచ్చే చట్టం, ఆ సిబ్బందికి ఏ రూపంలో మందు ఇవ్వాలి అన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలు. వాటిని కలిపేసి రాసిన చట్టాలే తర్వాత ఇబ్బంది పెట్టాయి.

అసలు చట్టం ఎందుకు కావాల్సొచ్చింది

అడ్రినలిన్ చీటీ మందు, అంటే డాక్టరు చీటీ రాస్తేనే కొనగలిగేది. చీటీ ఒక రోగి పేరు మీద ఉంటుంది. రోగి ఎవరో ముందే తెలియని పోలీసు ఆ మందును కారులో పెట్టుకోవాలంటే చీటీ ఎవరి పేరు మీద రాయాలి? డాక్టరు చూడకుండా ఇంకొకరికి సూది వేస్తే అది వైద్యం చేసినట్టు కాదా? తేడా వస్తే కేసు ఎవరి మీద? ఈ మూడింటికీ జవాబు రాసి ఉంటేనే స్టేషన్ అధికారి సంతకం పెడతాడు. ఒక్కదానికి జవాబు లేకున్నా ఫైలు అక్కడే ఆగుతుంది.

ఇల్లినాయ్ 2016లో చేసిన చట్టం సంస్థ దారి పట్టింది. అలర్జీతో చనిపోయిన 13 ఏళ్ల అమ్మాయి పేరుతో దాన్ని యానీ లెగీర్ చట్టం అంటారు. రాష్ట్ర పోలీసు, స్థానిక పోలీసు శాఖలు తమ సిబ్బందికి శిక్షణ ఇవ్వవచ్చు. డాక్టరు ఆ శాఖ పేరు మీదే చీటీ గానీ స్థాయీ ఆదేశం గానీ రాయవచ్చు. స్థాయీ ఆదేశం అంటే 'ఈ లక్షణాలు కనిపిస్తే నన్ను అడగకుండానే ఇంత మోతాదు ఇవ్వండి' అని డాక్టరు ముందుగానే రాసిపెట్టిన కాగితం. చాలా బలమైన ఏర్పాటు ఇది. కాకపోతే చట్టంలో ఉన్న మాట 'ఉంచుకోవచ్చు'. ఉంచి తీరాలని లేదు. డబ్బున్న ఊరి పోలీసు కొంటుంది, లేని ఊరు కొనదు.

విస్కాన్సిన్ 2017 చివర్లో మనిషి దారి పట్టింది. తేనెటీగ కుట్టి చనిపోయిన 18 ఏళ్ల కుర్రాడి పేరుతో అక్కడ దాన్ని డిల్లన్ చట్టం అంటారు. శిక్షణ పూర్తిచేసిన ఎవరైనా, పోలీసు కానక్కర్లేదు, తన పేరు మీద ఆటో ఇంజెక్టర్ (మోతాదు ముందే నింపి ఉండే, తొడకు నొక్కితే సూది దానంతటదే దిగే పెన్ను) తీసుకుని అవసరమైతే కొత్తవాళ్లకు కూడా వేయవచ్చు. స్కౌటు మాస్టరు, కోచ్, పొలంలో పనిచేయించే రైతు, అందరూ ఇందులోకి వస్తారు. ఊరికి దూరంగా ఉండే పల్లెలకు ఇల్లినాయ్ చట్టం కంటే ఇదే మేలు, ఎందుకంటే అక్కడ పోలీసు కారు కూడా అరగంట దూరంలోనే ఉంటుంది. అంతా ఒక్క మనిషి మీదే ఆధారపడటం దీని బలహీనత. మందు కొనేది ఆ మనిషి జేబులోంచి. గడువు తీరాక మళ్లీ కొన్నాడో లేదో చూసే నాథుడు లేడు.

వాషింగ్టన్ రాష్ట్రం 1999లోనే మరో దారి పట్టింది. ఆ చట్టం పోలీసుల గురించి కాదు, అంబులెన్సుల్లో, ఎయిడ్ కార్లలో వచ్చే ఈఎంటీల (అత్యవసర వైద్య సిబ్బంది) గురించి. కానీ అందులో 'ఉంచుకోవచ్చు' లేదు, 'ఉంచాలి' అని ఉంది. పైగా ఉంచాల్సింది ఎపినెఫ్రిన్, ఫలానా పరికరం అని కాదు. ఈ తేడా ఎంత పనికొచ్చిందో కింద చెప్తాం.

బ్రిటన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2012 నాటి అక్కడి మందుల నిబంధనల్లో ఒక జాబితా ఉంది. అందులోని మందులను ప్రాణం కాపాడటానికి అత్యవసరంగా ఎవరైనా ఇవ్వవచ్చు, సర్టిఫికెట్ అడగరు. అనాఫిలాక్సిస్‌కు కండలోకి ఇచ్చే అడ్రినలిన్ అందులో ఉంది. వినడానికి ఇదే అన్నిటికన్నా గొప్ప చట్టం. కానీ ఇవ్వడానికి అనుమతి ఉన్నంత మాత్రాన దగ్గర ఉంచుకోవడానికి అనుమతి ఉన్నట్టు కాదు. కొనడానికి చీటీ కావాల్సిందే. బడులు చీటీ లేకుండా ఆటో ఇంజెక్టర్లు కొనుక్కునే వీలు 2017 అక్టోబరు 1 నుంచి గానీ రాలేదు, దానికి వేరే సవరణ కావాల్సొచ్చింది.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచుకోమంటే, 'ఉంచాలి' అన్న వాషింగ్టన్ మాటకూ, శాఖ పేరు మీద స్థాయీ ఆదేశం అన్న ఇల్లినాయ్ పద్ధతికీ మొగ్గుతాం. అనుమతి మాత్రమే ఇచ్చి డబ్బు గురించి నోరెత్తని చట్టం సగం చట్టమే. కేసుల నుంచి రక్షణ అన్నిచోట్లా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: మంచి ఉద్దేశంతో చేస్తే రక్షణ, కావాలని చేసిన తప్పుకు గానీ దారుణమైన నిర్లక్ష్యానికి గానీ రక్షణ ఉండదు. ఆ విషయంలో పోల్చడానికి పెద్దగా లేదు.

చేతికి ఏం ఇవ్వాలి

మూడు రూపాలున్నాయి: ఆటో ఇంజెక్టర్, వయల్‌తో (మందు ఉండే చిన్న సీసాతో) సిరంజి, ముక్కు స్ప్రే.

ఆటో ఇంజెక్టర్ అంటే ఎక్కువమందికి ఎపిపెన్ గుర్తొస్తుంది. అమెరికాలో 1987 నుంచి ఉంది. 30 కిలోలు, ఆపైన ఉన్నవారికి 0.3 మిల్లీగ్రాములది, 15 నుంచి 30 కిలోల పిల్లలకు 0.15ది. అంతకన్నా చిన్న పిల్లల కోసం ఆవీ-క్యూ పేరుతో 0.1 మిల్లీగ్రాములదానికి 2017లో అనుమతి వచ్చింది. లెక్కలు కట్టే పని లేదు, గాజు విరిచే పని లేదు. ఏడాదికి ఒక్కసారి కూడా సూది పట్టని పోలీసుకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

తప్పు జరిగే చోటు మాత్రం కళ్లముందే ఉంటుంది. ఎపిపెన్‌కు ఒక చివర నీలం మూత, ఇంకో చివర నారింజ రంగు. సూది వచ్చేది నారింజ వైపు నుంచి. మన చేతులకు బాల్‌పెన్ అలవాటు. బొటనవేలు పైకొన మీద పెట్టి నొక్కడం సహజంగా వచ్చేస్తుంది. కంగారులో పరికరాన్ని తిరగేసి పట్టుకుంటే ఆ బొటనవేలు సరిగ్గా నారింజ కొన మీదే ఉంటుంది. తొడకు ఆనించి నొక్కగానే సూది పోలీసు వేలిలోకి దిగుతుంది. వేలు రక్తం అందక తెల్లబడుతుంది, ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రోగికి మాత్రం ఒక్క చుక్క అందదు. అందుకే శిక్షణలో మొట్టమొదట నేర్పాల్సింది పిడికిలి బిగించి మధ్యలో పట్టుకోవడం, ఏ కొన మీదా వేలు పెట్టకపోవడం. నీలం మూత లాగాలి, నారింజ కొనను తొడ బయటి వైపు మధ్యభాగానికి క్లిక్ వినిపించేదాకా గట్టిగా నొక్కాలి, 3 అంకెలు లెక్కపెట్టి తీయాలి. పాత శిక్షణలో 10 అంకెలని చెప్పేవారు, లేబుల్ ఆ తర్వాత మారింది. ప్యాంటు మీదుగా వేయవచ్చు. జేబులో తాళాలు, ఫోను, మందమైన కుట్టు లేవని తడిమి చూసుకోవాలి. పిల్లలకైతే కాలు కదలకుండా గట్టిగా పట్టుకోవాలి. తన్నుకుంటే సూది లోపలుండగానే తొడ చీరుకుపోతుంది.

రెండో చిక్కు వేడి. ఈ మందును 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి, ప్రయాణాల్లో 15 నుంచి 30 దాకా పర్వాలేదు. ఎండలో ఆపిన కారు డిక్కీ అంతకు చాలా పైకి పోతుంది. కాబట్టి ఇల్లినాయ్‌లో అయినా టెక్సాస్‌లో అయినా మందు ఉండాల్సింది డ్యూటీ బ్యాగులో, షిఫ్టు అయిపోగానే స్టేషన్ లోపలికి. కిటికీలోంచి కనిపించే ద్రవం గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగినా, తేటగా లేకపోయినా మార్చేయాలి.

మూడోది ధర. రెండు పెన్నుల ప్యాకెట్ 2007లో 100 డాలర్ల దరిదాపుల్లో ఉండేది, 2016కి 608 డాలర్లయింది. దేశమంతా గొడవయ్యాక అదే కంపెనీ తన సొంత జెనరిక్‌ను 300కి తెచ్చింది. 2018లో టెవా జెనరిక్‌కు అనుమతి వచ్చింది. ఎంత తగ్గినా, వాడినా వాడకపోయినా ఏడాదికో ఏడాదిన్నరకో పారేసి మళ్లీ కొనాల్సిన వస్తువు ఇది. ఇరవై కార్లున్న చిన్న శాఖకు అది ప్రతి ఏటా వచ్చే బరువే.

ఇక్కడే వాషింగ్టన్ చట్టంలోని ఆ చిన్న తేడా పనికొచ్చింది. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ఉన్న కింగ్ కౌంటీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ కౌంటీ అత్యవసర సేవలు 2014లో ఆటో ఇంజెక్టర్లను పక్కనపెట్టి 'చెక్ అండ్ ఇంజెక్ట్' అనే కిట్‌కు మారాయి. వయల్, సిరంజి, సూది, వాటితోపాటు సరిచూసుకునే పట్టిక. పరికరం ధరతో పోలిస్తే వయల్ ధర లెక్కలోకే రాదు. చట్టంలో 'ఆటో ఇంజెక్టర్' అని రాసి ఉంటే ఈ మార్పుకు ముందు అసెంబ్లీకి వెళ్లాల్సొచ్చేది.

వయల్ పద్ధతిలో మోతాదు మనిషిని బట్టి ఇవ్వవచ్చు. కిలోకు 0.01 మిల్లీగ్రాములు, పెద్దలకు గరిష్ఠంగా 0.5. ఎనభై కిలోల మనిషికి పెన్ను ఇచ్చేది 0.3 మాత్రమే, సిరంజి అయితే 0.5 ఇవ్వగలదు. మందు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటుంది, పాత లెక్కలో ఒకటికి వెయ్యి. తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఒకటి, 0.3 బదులు 3 మిల్లీలీటర్లు ఎక్కించడం. దీనికి విరుగుడు పెద్ద సిరంజి కిట్‌లో లేకుండా చేయడమే. 1 మిల్లీలీటరు సిరంజిలో పదింతలు పట్టదు. రెండు, గుండె ఆగినప్పుడు నరంలోకి ఇచ్చే 10 మిల్లీలీటర్ల పలచని సిరంజితో తికమక. మూడు, ఇదే చిక్కటి మందును నరంలోకి ఇచ్చేయడం. ఇది ప్రాణం తీసే తప్పు, గుండె లయ తప్పుతుంది. ఒకరు పట్టిక పైకి చదువుతూ ఉంటే ఇంకొకరు మందు లాగే పద్ధతి ఈ మూడింటినీ ఆపుతుంది. జతగా వచ్చే అంబులెన్సు సిబ్బందికి అది కుదురుతుంది. ఒంటరిగా వచ్చే పోలీసుకు కుదరదు.

ముక్కు స్ప్రే అన్నిటికన్నా కొత్తది. నెఫీ పేరుతో 2024 ఆగస్టులో 2 మిల్లీగ్రాములది 30 కిలోలు, ఆపైన ఉన్నవారికి, 2025 మార్చిలో 1 మిల్లీగ్రాముది నాలుగేళ్లు నిండిన 15 నుంచి 30 కిలోల పిల్లలకు అనుమతి పొందాయి. అమెరికా పోలీసులకు దీని ఆకారం కొత్త కాదు. మత్తుమందు ఎక్కువై పడిపోయినవారికి వాళ్లు కొట్టే నలోక్సోన్ స్ప్రే ఇలాగే ఉంటుంది. వేలు గుచ్చుకునే భయం లేదు. 50 డిగ్రీల దాకా వేడిని కొంతకాలం తట్టుకుంటుంది, కారుకు ఇది చాలా పెద్ద సుగుణం. గడ్డకడితే మాత్రం స్ప్రే రాదు. ఒక్క నొక్కుకు ఉన్నదంతా వచ్చేస్తుంది కాబట్టి పనిచేస్తోందో లేదో చూద్దామని గాల్లోకి కొడితే ఇక మిగిలేది ఖాళీ సీసా. రెండోసారి కావాలంటే 5 నిమిషాల తర్వాత కొత్త స్ప్రేతో, అదే ముక్కు రంధ్రంలోకి. ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండ) ఉన్నవారికీ, ముక్కు ఆపరేషన్ అయినవారికీ మందు సరిగా ఎక్కకపోవచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. దీనికి అనుమతి వచ్చింది ప్రధానంగా ఆరోగ్యవంతుల రక్తంలో మందు ఎంత చేరింది, బీపీ ఎలా మారింది అన్న కొలతల మీద. ఇంజెక్షన్‌కు ఉన్న దశాబ్దాల వాడుక అనుభవం దీనికి ఇంకా లేదు.

స్ప్రే రాగానే అనేక రాష్ట్రాల్లో ఒక వింత తలెత్తింది. చట్టంలో 'ఆటో ఇంజెక్టర్' అని రాసి ఉంది కాబట్టి స్ప్రే కొట్టిన బడి సిబ్బందికీ పోలీసుకూ రక్షణ వర్తిస్తుందా అన్న సందేహం. ఒక్కో రాష్ట్రం సవరణలు చేసుకోవాల్సొచ్చింది. మందు పేరు రాసి పరికరం పేరు వదిలేస్తే ఈ పని తప్పేది.

మా తీర్పు ఇది. జతగా వచ్చే, నెలకు కొన్ని సూదులైనా వేసే అంబులెన్సు సిబ్బందికి వయల్, 1 మిల్లీలీటరు సిరంజి. ఒంటరి పోలీసుకు, ముఖ్యంగా ఎండ ప్రాంతాల్లో, స్ప్రే మొదట, అది కొనలేకపోతే ఆటో ఇంజెక్టర్. ఏ రూపమైనా ఒక కారుకు రెండు మోతాదులు ఉండాలి. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది ఇవ్వాల్సొస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో

మన దగ్గర పెన్నులు మందుల షాపులో మామూలుగా దొరకవు. ఆంప్యూల్ (మెడ విరిచి మందు లాగే చిన్న గాజు బుడ్డి) మాత్రం చవకగా ఆసుపత్రుల్లో ఉంటుంది. కాబట్టి మనకు పోలిక పెన్నుకూ స్ప్రేకూ మధ్య కాదు, ఆంప్యూల్‌ను ఎవరి చేతిలో పెట్టాలన్నదే.

దీనికి మన దగ్గరే ఒక మంచి నమూనా ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. టీకాల తర్వాత వచ్చే అనాఫిలాక్సిస్‌కు ఏఎన్ఎం ఒక మోతాదు అడ్రినలిన్ వేసి వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఆమె కిట్‌లో మూడు ఆంప్యూళ్లు, మూడు సిరంజిలు, అంగుళం పొడవున్న 24 లేదా 25 గేజి సూదులు, మోతాదుల కార్డు, అంబులెన్సు నంబరు ఉంటాయి. మోతాదులు వయసును బట్టి: ఏడాది లోపు 0.05 మిల్లీలీటర్లు, 1 నుంచి 6 ఏళ్లకు 0.1, 6 నుంచి 12కు 0.2, 12 నుంచి 18కి 0.3, పెద్దలకు 0.5. ట్యూబర్‌క్యులిన్ సిరంజి (సన్నటి 1 మిల్లీలీటరుది) లేకపోతే 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి వాడమంటారు. అందులో ఇవే 2, 4, 8, 12, 20 గీతలవుతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లు, నారింజ మూతది 100 యూనిట్లు. కంగారులో నారింజ మూతది తీసుకుని 20 గీత దాకా లాగితే వచ్చేది 0.5 కాదు, 0.2 మిల్లీలీటర్లే. పెద్దమనిషికి అవసరమైన దానిలో సగం కూడా కాదు. ఇంకో సంగతి, ఇన్సులిన్ సిరంజికి అతికి ఉండే సూది చాలా పొట్టిది, చర్మం కింది కొవ్వులోనే ఆగిపోతుంది, కండ దాకా దిగదు. అందుకే సూది విడిగా తొడిగే సిరంజే కావాలని మార్గదర్శకాల్లో ఉంది. కిట్ తనిఖీ చేసేవాళ్లు గడువు తేదీతోపాటు మూత రంగు, సూది పొడవు కూడా చూడాలి.

ఈ అనుమతి టీకాల రోజుకే పరిమితం. అదే ఏఎన్ఎం దగ్గరికి కందిరీగలు కుట్టిన ఉపాధి హామీ కూలీ వస్తే ఆమె చేతిలో కాగితం లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవలో ఈఎంటీ కాల్ సెంటర్ డాక్టరును ఫోన్లో అడిగి మందు ఇస్తాడు. మిగతా చాలా జబ్బులకు అది మంచి పద్ధతే. అనాఫిలాక్సిస్‌కు మాత్రం ఫోను కలిసేదాకా ఆగడం కంటే ఇల్లినాయ్ తరహా స్థాయీ ఆదేశమే మేలు: ముందు సూది, తర్వాత ఫోను. అడవి అంచు పల్లెల్లో సిగ్నల్ లేని చోట ఈ తేడా ప్రాణమంత ఉంటుంది.

చట్టం రక్షణ ఇస్తుందా అంటే, మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ రోడ్డు ప్రమాదాల్లో సాయపడినవారికే వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 92, ఒప్పుకోలు చెప్పే స్థితిలో లేని మనిషి మేలు కోరి మంచి ఉద్దేశంతో చేసిన పనిని నేరం కాదంటుంది. కానీ అది కేసు పడ్డాక చెప్పుకునే వాదన. ఆంప్యూల్‌ను సంచిలో పెట్టుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి కాదు. రెండు రాష్ట్రాలూ ఇప్పుడున్న ఏఎన్ఎం కిట్‌ను, అదే మోతాదుల కార్డుతో, అన్ని కారణాల అనాఫిలాక్సిస్‌కూ, 108 ఈఎంటీకీ, అటవీ శాఖ బీట్ సిబ్బందికీ విస్తరిస్తూ ఒక జీవో ఇస్తే కొత్తగా తయారు చేయాల్సిన పద్ధతి ఏమీ లేదు. పోలీసుతో మొదలుపెట్టడం మన దగ్గర సరికాదు. సూది అలవాటున్న చేయి ఊళ్లో ఇప్పటికే ఉంది.

సూది వేశాక కూడా పని మిగిలే ఉంటుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి. ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే కాళ్లు చాపి కూర్చోనివ్వాలి, గర్భిణి అయితే ఎడమ పక్కకు. తేరుకున్నాడు కదా అని లేపి నడిపించకూడదు, ఒక్కసారిగా నిలబడగానే గుండె ఆగిపోయిన కేసులున్నాయి. కొన్ని గంటల తర్వాత లక్షణాలు మళ్లీ తిరగబెట్టవచ్చు, కాబట్టి తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఎన్ని గంటలకు, ఎంత మందు, ఏ తొడకు వేశారో స్లిప్పు మీద రాసి, ఖాళీ ఆంప్యూల్‌తో పాటు అంబులెన్సులో ఇచ్చి పంపాలి.